మూడో అంతస్తు నుంచి గీసిన కుక్క

నన్ను ఇంతవరకూ ఏ కుక్కా కరవలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నాకు కుక్కలంటే భయమని తెలియగానే అందరూ చిన్నప్పుడు కరిచిందా అని అడుగుతారు. కరవలేదు. తరమలేదు. నన్ను చూసి గట్టిగా మొరిగింది కూడా లేదు. మా అమ్మ తెనాలి నుంచి వనస్థలిపురానికి కాపురానికి వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న సామానులో ఈ భయం కూడా ఒకటి. కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అని చెప్పి, వీధి చివర కుక్క తోక కనిపిస్తే చాలు, నా రెక్క పట్టుకుని అవతలి పక్కకు లాగేసేది. ఇప్పుడు బొడ్డు చుట్టూ వేయడం లేదు, చేతికే వేస్తున్నారు. ఆ సంగతి నా బొడ్డుకు తెలియదు. కుక్క కనిపిస్తే ఇప్పటికీ అక్కడే బిగుసుకుంటుంది.

అలాంటి నాకు జంతువుల బొమ్మల పుస్తకం వేసే పని వచ్చింది.

బొమ్మలు నాకు కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మెటీరియల్ అచ్చు వేసేవాళ్లకు ఏళ్ల తరబడి బొమ్మలు వేస్తున్నాను. కప్ప గుండె, బొద్దింక పేగులు, వానపాము అడ్డకోత. కోసి వెల్లకిలా పడుకోబెట్టిన కప్పనైతే కళ్లు మూసుకుని గీస్తాను. ఏ గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ పుస్తకాల్లో బొమ్మ వేసినవాళ్ల పేరు ఉండదు. ఉండాలని ఎవరికీ తోచదు కూడా. మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుని నా బొమ్మల్ని బట్టీ పట్టే పిల్లల్ని చూస్తే, ఒరేయ్ ఆ కప్ప నాదిరా అని అరవాలనిపిస్తుంది. అరవను. ఇంటికొచ్చి మా ఆయన మీద అరుస్తాను.

పుస్తకం పని ఇచ్చింది మా అమ్మవాళ్ల వీధిలో ఉండే ఒక పెద్దావిడ. బెజవాడ వైపు మనిషి. టీచరుగా చేసి రిటైరయ్యాక ఇంటి ముందు గదిలో పిల్లల పుస్తకాలు వేయడం మొదలుపెట్టారు. ఏడాదికి ఒకటో రెండో, అంతకు మించి వేయరు. కానీ వేసినవి చూస్తే కడుపు నిండుతుంది. సింహాలూ ఏనుగులూ చాలా అయిపోయాయి, మన వీధిలో తిరిగేవాటిని ఎవరూ గీయడం లేదు అన్నారు. కథంటూ పెద్దగా ఏమీ లేదు. ఎండాకాలం మధ్యాహ్నం, ఒక వీధి. పిల్లి ఎక్కడ పడుకుంది, ఆవు ఎక్కడ పడుకుంది, గేదె, ఉడుత, కుక్క. ఒక్కో పేజీకి ఒక్కో జంతువు, ఒక్కో వాక్యం. చివరి పేజీలో కుక్క కళ్లు తెరిచి పుస్తకం పట్టుకున్న పిల్లనే చూస్తుంది. మాటలూ నేనే రాయాలి, బొమ్మలూ నేనే వేయాలి. అట్ట మీద నా పేరు ఉంటుంది. ఆ మాట విన్నాక ఆవిడ ఇంకేం చెప్పారో నాకు వినపడలేదు.

అయితే పేరొక్కటే కావాల్సి ఉంటే నేను ఇంత అవస్థ పడేదాన్ని కాదు. నా కూతురు ఒకటో తరగతి చదువుతోంది. స్కూలు ఆటో మా గల్లీలోకి రాదు, మెయిన్ రోడ్డు దాకా నడవాలి. ఆ నడకలో కుక్క ఇంకా ఎక్కడో దూరంగా ఉండగానే పిల్ల వేళ్లు నా చేతిని బిగిస్తాయి. నేను బిగించకముందే తను బిగిస్తుంది. కుక్కను దాటిపోయేదాకా వదలదు. మొదటిసారి గమనించిన రోజు నా గుండె గుభేలుమంది. ఇంజెక్షన్ల మాట దాని ముందు నేను ఒక్కసారి కూడా ఎత్తలేదు. నోరు కట్టేసుకుని పెంచాను. అయినా మా అమ్మ నుంచి నాకు వచ్చినట్టే నా నుంచి దానికీ అంటుకుంది. జంతువుల్ని ఒళ్లో పెట్టుకుని, పేజీలు తిప్పి తిప్పి చూస్తే ఆ భయం వదులుతుందేమోనని నా ఆశ. నా కూతురు నాలా కాకూడదు. నేను ఆ పుస్తకానికి ఒప్పుకున్నది అందుకే.

మా ఫ్లాటు దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక, సరూర్‌నగర్ వైపు వెళ్లే గల్లీలో ఉంది. మూడో అంతస్తు. బాల్కనీలో నిలబడితే గల్లీ అంతా కనిపిస్తుంది. హాస్టలు ముందు వరసగా ఆపిన స్కూటర్లు, వాటి సీట్ల మీద పిల్లి, చెత్త బండి కోసం కాచుకునే ఆవు, ఎన్నాళ్లుగానో కదలని పాత కారు, దాని నీడలో గోధుమరంగు ముసలి ఆడకుక్క. దాని ఎడమ చెవి కొస కత్తిరించి ఉంటుంది. ఆపరేషనూ టీకాలూ అయ్యాయనడానికి అది గుర్తట. ఆ గుర్తు చూసి ధైర్యం తెచ్చుకోమని మా ఆయన చెబుతాడు. చెవి చూసేంత దగ్గరికి వెళ్లే ధైర్యం ఉంటే ఇక చెవితో పనేముంది?

మా అత్తమ్మ మాతోనే ఉంటుంది. హయత్‌నగర్ అవతలి ఊరి మనిషి. ఆవిడకు ఏ జంతువన్నా భయం లేదు. రోజూ ఆ కుక్కకు పెరుగన్నం పెట్టి, పక్కన నిలబడి ఎదురింటివాళ్ల మీద చాడీలు చెబుతుంది. నా బొమ్మల విషయంలో మాత్రం ఆవిడ వల్ల నాకు వీసమెత్తు ఉపయోగం లేదు. ఏది చూపించినా మంచిగనే ఉంది బిడ్డా అంటుంది. చింపేసిందాన్ని చూపించినా అదే మాట.

నేను బాల్కనీలో నుంచి ఫోన్‌తో ఫోటోలు తీసుకుని, వాటిని చూసి పెన్సిల్‌తో గీసి, డమ్మీ తయారుచేశాను. డమ్మీ అంటే అసలు పుస్తకానికి ముందు తెల్లకాగితాలు మడిచి పిన్నులు కొట్టి చేసుకునే నమూనా. పేజీ తిప్పితే ఏం కనిపిస్తుందో, పిల్లలు ఎక్కడ ఆగుతారో అందులోనే తేలుతుంది. ప్రతి పేజీలో ఒక కాకిని కూడా పెట్టాను. అందరూ పడుకున్నా అది మాత్రం పడుకోదు. అటు గెంతుతుంది, ఇటు గెంతుతుంది, ఎవరి పక్కనా కుదురుగా నిలవదు. ఆ కాకిని గీయడానికి నాకు ఫోటో అవసరం రాలేదు.

డమ్మీని పట్టుకుని ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో, అక్కడి నుంచి షేర్ ఆటోలో వనస్థలిపురం వెళ్లాను. ఆవిడకు ఒక అలవాటుంది. డమ్మీని చేతిలో పెట్టుకుని చూడరు. పిన్నులు పీకేసి, కాగితాలన్నీ నేలమీద వరసగా పరిచి, పీటేసుకుని కూర్చుంటారు. పీటను జరుపుకుంటూ ఒక చివరి నుంచి ఇంకో చివరకు పోతారు. పిల్లలు పుస్తకాన్ని నేలమీద వేసుకునే చూస్తారు కదా అంటారు. ఆ రోజు అటు చివరిదాకా జరిగి, మళ్లీ ఇటు జరిగి, తల ఎత్తారు.

"అమ్మాయ్, మీ ఇల్లు ఎన్నో అంతస్తు?"

"మూడోదండి."

"అదీ సంగతి. అన్నీ వీపులే వేశావు. ఆవు వీపు, పిల్లి వీపు, కుక్క వీపు. వీటిని చూసిన మనిషి బాల్కనీలో నిలబడి ఉంది. చదివే పిల్ల వీధిలో ఉంటుంది."

లేచి నిలబడి, చేతిని తన నడుము దగ్గర అడ్డంగా పెట్టి, పిల్ల కళ్లు ఇక్కడుంటాయి, ఇక్కడి నుంచి చూసి గీయి అన్నారు. గీత బాగుందని, ఒక్క జంతువు కాలు కూడా తప్పలేదని కూడా అన్నారు. అది నాకు తెలుసు. ఎముకలు లెక్కపెట్టి గీసేదాన్ని, కాలెందుకు తప్పుతుంది?

తిరిగొచ్చేటప్పుడు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిడ తప్పు చెప్పి ఉంటే సర్దుకునేదాన్ని. నిజం చెప్పారు. అన్నేళ్లుగా జంతువుల్ని గీస్తూ ఒక్కదాని ముందు కూడా నేను నిలబడలేదని, ఎవరో కోసి పెట్టినవో ఎవరో ఫోటో తీసినవో చూసి బతుకు వెళ్లదీశానని ఒక్క మాటలో తేల్చేశారు. మెట్రోలో చైతన్యపురి దగ్గర ఒకావిడ కాస్త జరగమంటే ఆవిడ మీద కూడా కస్సుమన్నాను.

అయినా బుద్ధి రాలేదు. కిందికి దిగకుండా పని అయ్యే మార్గం వెతికాను. ఇంటర్నెట్‌లో కుక్కల ఫోటోలు ఎదురుగా తీసినవి వందలున్నాయి. వాటిని చూసి కొత్త కుక్కను గీశాను. మూతి దగ్గర గీత కొంచెం పైకి వంచాను, పిల్లలు భయపడకుండా ఉంటారని. అత్తమ్మ మంచిగనే ఉంది అంది. మా ఆయన అన్నం తింటూ ఒక చూపు చూసి, గీ కుక్క మన గల్లీలది కాదు, ఏసీల పండేది అన్నాడు. ఒళ్లు మండింది గానీ, మర్నాడు నేను చూసినా అది అలాగే కనిపించింది. స్నానం చేయించి, పౌడరు రాసి, పెళ్లికి బయల్దేరదీసినట్టుంది. ఫోన్‌లో బొమ్మ పంపిస్తే పెద్దావిడ కూడా నవ్వే కుక్కను నేనింతవరకూ చూడలేదమ్మా అన్నారు.

ఆ ఫోన్‌లోనే ఇంకో మాట అన్నారు. వేసవి సెలవులకు పుస్తకం పిల్లల చేతుల్లో ఉండాలి, కాబట్టి త్వరలో ప్రెస్సుకు పోవాలి. ఇంకో ఆర్టిస్టు ఇదే ఆలోచనకు నాలుగు బొమ్మలు వేసి పంపించాడట, బాగానే ఉన్నాయట. నీ వల్ల కాకపోతే చెప్పెయ్ అమ్మాయ్, నేనేం మనసులో పెట్టుకోను అన్నారు. కోపంగా అని ఉంటే తిరిగి ఏదైనా అనేదాన్ని. అంత నెమ్మదిగా అంటే ఏం చేస్తాం?

ఆ తర్వాత నేను ఇంట్లో ఒకచోట కూర్చుంటే ఒట్టు. కాలుగాలిన పిల్లిలా తిరిగాను. టీ పెట్టుకోవడం, తాగకుండా మరిచిపోవడం, మళ్లీ పెట్టుకోవడం. ఏ పనీ లేకుండా మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్ వెళ్లి, చౌరస్తాలో నిలబడి ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ చూసి, మళ్లీ మెట్రో ఎక్కి వచ్చేశాను. సరూర్‌నగర్ చెరువు కట్ట మీదికి పోయి గేదెల్ని చూద్దామనుకుని, అవి దగ్గరికి వస్తుంటే పని గుర్తొచ్చినదాన్లా వెనక్కి తిరిగాను. కప్ప గుండెకు గదులు నాలుగు వేసి ప్రెస్సుకు పంపితే వాళ్లు ఫోన్ చేసి మూడే కదా మేడమ్ అన్నారు. నా జన్మలో ఆ తప్పు చేయలేదు. అత్తమ్మ పరేషాన్ అయి, ఏమైంది బిడ్డా, దవాఖానకు పోదామా అని అడిగింది. ఏం చెప్పను, కుక్క ముందు కూర్చోలేక ఇలా అయిపోయానని?

ఒక పొద్దున పిల్లను స్కూలు ఆటో ఎక్కించడానికి వెళ్తుంటే, గల్లీ మలుపులో ఆ గోధుమరంగు కుక్కే ఎదురొచ్చింది. మామూలుగా నడుచుకుంటూ వస్తోంది, మా వంక కూడా చూడలేదు. పిల్ల వేళ్లు నా చేతిని బిగించాయి. ఎంత గట్టిగా పట్టుకుందంటే, నా గాజు చర్మంలోకి దిగింది. నాకు ఏడుపొచ్చింది. ఇది పెద్దదై, కూతుర్ని కని, ఆ పిల్ల రెక్క పట్టుకుని అవతలి పక్కకు లాగుతుంది కాబోలు అనిపించింది. ఆ మధ్యాహ్నం పెన్సిళ్లు తీసుకుని కిందికి దిగాను.

అపార్టుమెంటు గేటు పక్కన రెండు మెట్లున్నాయి. కింది మెట్టు మీద కూర్చుంటే నా కళ్లు సరిగ్గా ఒకటో తరగతి పిల్ల కళ్ల ఎత్తుకు వస్తాయి. మొదట పిల్లిని గీశాను, అది తేలిక కదా అని. పై నుంచి చూసినప్పుడు స్కూటర్ సీటు మీద చక్కగా చుట్టుకున్న పిల్లి మొత్తం కనిపించేది. కింద కూర్చుంటే పిల్లే లేదు. సీటు అంచు మీదుగా వేలాడుతున్న ఒక కాలు, తోక కొస, అంతే. మొదట విసుక్కున్నాను. తర్వాత ఆ కాలు మాత్రమే గీసి, మిగతా పేజీ అంతా స్కూటర్‌కు ఇచ్చేశాను. పిల్లి ఎక్కడుందని పిల్లలు వెతుక్కుంటారు. నాకు భలే సరదా వేసింది.

ఆవు వచ్చినప్పుడు మాత్రం లేచి గేటు లోపలికి పోయాను. సిగ్గులేకుండా చెబుతున్నాను. గేటు వేసుకుని, కమ్మీల మధ్య నుంచి, వంగి కూర్చుని గీశాను. ఆ ఎత్తు నుంచి ఆవు అంటే ముందు పొట్ట. పేజీ పట్టనంత పొట్ట. దాని మీద నీళ్లలో సుడిలాగా తిరిగిన వెంట్రుకలు, బురద ఎండిన మోకాళ్లు, ఎప్పుడూ ఏదో నములుతూ పక్కకు జరిగే దవడ. తల కోసం పేజీ తిప్పాల్సిందే. అలా ఆవుకు రెండు పేజీలు పోయాయి. పెద్దావిడ ఏమంటారో అనుకున్నాను గానీ మార్చబుద్ధి కాలేదు. గేదె కోసం మళ్లీ చెరువు వైపు వెళ్లాను. ఈసారి గోడ పక్కన నిలబడి గీశాను, వెనక్కి తిరగలేదు. అన్నీ అలా ఒక్కొక్కటే వచ్చాయి. ఒక్క కుక్క తప్ప.

కుక్క రోజూ అక్కడే, కారు నీడలో, నాకు నాలుగు అడుగుల దూరంలో పడుకుంటుంది. పడుకున్న కుక్కను గీశాను. డొక్కలు ఎగిరిపడుతుంటాయి, చెవి ఈగను విదిలిస్తుంది, కాళ్లు కలలో పరిగెత్తుతాయి. అదంతా గీయగలిగాను, ఎందుకంటే కళ్లు మూసుకుని ఉంది. చివరి పేజీకి కావాల్సింది తెరిచిన కళ్లు. అది కాస్త కదిలితే చాలు, నేను మెట్లెక్కేసేదాన్ని. ఎక్కి, మొదటి అంతస్తు దాకా పోయి, నన్ను నేను నాలుగు తిట్టుకుని, మళ్లీ దిగేదాన్ని. హాస్టల్ పిల్లలు ఈ ఆంటీకి ఏదో అయిందనుకుని ఉంటారు.

ఒకరోజు కాలు తిమ్మిరెక్కి లేవలేకపోయాను. ధైర్యం అనుకునేరు, తిమ్మిరి. అప్పుడే కుక్క తల ఎత్తింది. నన్ను చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి. లేవడానికి కాలు రాదు, అరవడానికి నోరు రాదు, చేతిలో మాత్రం పెన్సిలుంది. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. కనుబొమల దగ్గర ముడత, వెనక్కి వాలిన చెవులు, కళ్ల కింద తెల్లబడ్డ వెంట్రుకలు, నా మీద నుంచి ఒక్క క్షణం కూడా తిప్పని ఆ చూపు. కాసేపటికి అదే తల దించుకుని పడుకుంది. నేను మెట్ల మీద పాక్కుంటూ ఇంటికొచ్చి, బొమ్మ చూసుకుని, వంటింట్లో నిలబడి ఏడ్చాను. నా కళ్లలోకి చూస్తుండగా నా చేత్తో నేను గీసిన మొదటి ప్రాణి అది.

మర్నాడే వనస్థలిపురం వెళ్లాను. పెద్దావిడ కాగితాలు పరిచారు, పీట జరుపుకుంటూ పోయారు. పిల్లి కాలు దగ్గర నవ్వారు. ఆవు పొట్ట దగ్గర ఆగి, రెండు పేజీలు తినేసిందే అని మురిసిపోయారు. కాకిని వేలితో వెతుక్కుంటూ పోయారు. చివరి కాగితం దగ్గర చాలాసేపు కూర్చున్నారు.

"చూపంటే ఇదీ. ఇక దీన్ని ముట్టుకోకు అమ్మాయ్. రంగులేసి తెచ్చెయ్, ప్రెస్సుకు పంపించేద్దాం."

అక్కడి నుంచి ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి మిరపకాయ బజ్జీలు కట్టించుకున్నాను. వారం పాటు కూర్చుని రంగులేశాను. ఆ వారం ఇంట్లో ఎవరి మీదా అరవలేదు, అది చూసి మా ఆయన మరింత భయపడ్డాడు. రంగులారాక, ఒక ఆదివారం మధ్యాహ్నం, కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని పేజీలు ఒక్కొక్కటే తిప్పాను. ఈ క్షణం కోసమే కదా ఇదంతా అనుకున్నాను.

పిల్లి కాలు చూసి పిల్ల కిలకిలమంది. కాకిని ప్రతి పేజీలో పట్టేసింది. ఆవు దగ్గర మూతి పక్కకు జరిపి నమిలి చూపించింది. చివరి పేజీ తిప్పాను. నవ్వు ఆపేసింది. బొమ్మను చూసింది, నన్ను చూసింది, మళ్లీ బొమ్మను చూసింది. భయపడిందని నా ప్రాణం ఉసూరుమంది. ఇంత చేసి, ఇంత పడి, కడకు నా భయాన్నే రంగులేసి దాని ఒళ్లో పెట్టానా?

"భయమేస్తోందా తల్లీ?"

లేదన్నట్టు తల ఊపింది. మాటల్లో దానికి నానమ్మ పోలికే. మెల్లగా అంది.

"ఇది నిన్ను చూసే చూపు అమ్మా. నన్ను ఇట్ల చూడది."

నాకు అర్థం కాలేదు. నిన్ను ఎలా చూస్తుందో నీకెలా తెలుసు, కుక్క కనిపిస్తే చాలు నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంటావు కదా అన్నాను.

"నువ్వు భయపడ్తవ్ గద. గందుకే పట్టుకుంట."

చెప్పేసి బజ్జీ కావాలని అడిగింది. బజ్జీలు ఎప్పుడో అయిపోయాయి, వారం కిందటివి. నేను ఆ మాటే చెప్పాననుకుంటాను. నోరు ఒకటి చెబుతుంటే బుర్ర ఇంకెక్కడో ఉంది. తేరుకుని అడిగితే చెప్పింది, నేను లేనప్పుడు నానమ్మతో కలిసి వెళ్లి ఆ కుక్కకు అన్నం పెడుతుందట. వీపు కూడా నిమురుతుందట. నాకు చెబితే గుండె ఆగుతుందని నానమ్మా మనవరాలూ కలిసి దాచారట. అత్తమ్మను అడిగితే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

ఎన్ని నెలలు ఆ చిన్న వేళ్లు బిగుసుకున్నప్పుడల్లా నేను కుమిలిపోయానో! భయం దానికి అంటుకుందనుకుని, దానికి మందు వేయడానికి పుస్తకం గీశాను. పిల్లేమో ప్రతి పొద్దునా నన్ను కుక్క దాటించి, ఆటో ఎక్కి, బడికి పోతోంది. సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు. రెండూ పడ్డాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి ముక్కు కారింది.

తర్వాత బొమ్మ వంక చూశాను. పిల్ల చెప్పింది నిజం. ఆ ముడతపడ్డ కనుబొమలు, వాలిన చెవులు, అవి ఎదురుగా బిగుసుకుపోయి కూర్చున్న ఆడమనిషిని చూసి, ఇది ఏం చేస్తుందోనని జాగ్రత్తపడుతున్న కుక్కవి. బొమ్మలో తప్పు లేదు. పెద్దావిడ ఒప్పుకున్నారు, రంగులయ్యాయి, ప్రెస్సు కాచుకుని ఉంది. ఒప్పుకున్న బొమ్మను ఎవరైనా పాడుచేసుకుంటారా? కానీ ఆ పుస్తకం తెరిచే పిల్లలు నేను కాదు. వాళ్లందరినీ ఆ కుక్క ఇలా చూస్తే, పద్నాలుగు ఇంజెక్షన్లని నేను నోటితో చెప్పకపోయినా బొమ్మతో చెప్పినట్టే.

పెద్దావిడకు ఫోన్ చేసి ఒక్క రోజు ఆగమన్నాను. ఎందుకని అడిగారు. చివరి బొమ్మ మార్చాలన్నాను. బొమ్మ చెడితే పాతదే వేస్తాను సుమా అని పెట్టేశారు.

కిందికి దిగాం, పిల్లా నేనూ. కుక్క కారు నీడలో ఉంది, మెలకువగానే ఉంది. మమ్మల్ని చూసి చెవులు వెనక్కి వాల్చింది. నా వల్లే అని ఇప్పుడు తెలుసు. మెట్టు మీద కూర్చున్నాను. నాకు కాగితం పెట్టుకునే అట్ట పట్టుకోవడానికి ఒక చెయ్యి, పెన్సిలుకు ఒక చెయ్యి కావాలి. నా కూతురి చెయ్యి నా చేతిలో ఉంది. వదిలెయ్యి అమ్మా, నేను పోత గద అంది. నా వేళ్లే విడవడం లేదని అప్పుడు చూసుకున్నాను. ఒక్కొక్కటే విడదీశాను. ఆ నాలుగు అడుగులూ పిల్ల మామూలుగా నడుచుకుంటూ పోయింది. ప్రతి అడుగుకూ మా అమ్మ గొంతు నా బొడ్డు దగ్గర అరుస్తూనే ఉంది. పిలవడానికి రెండుసార్లు నోరు తెరిచాను, రెండుసార్లూ మూసుకున్నాను.

పిల్ల దాని ముందు గొంతుక్కూర్చుంది. కుక్క లేవలేదు. చెవులు ముందుకొచ్చాయి. కనుబొమల మధ్య ముడత ఎటు పోయిందో పోయింది. కాస్త పక్కకు జరిగి, నీడలో పిల్లకు చోటిచ్చి, దాని మొహంలోకి చూసింది. పెన్సిలు ఎత్తాను. ఆ కళ్లు గీశాను, వాటిలో నేను లేను.